బరువు లేని వరహాలు: పెనుకొండ దాకా ఖజానా మోసేవారికి చిట్కాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో రాక్షసుణ్ణి చంపడం పెద్ద పని కాదు. పాచికలు పడితే వాడే చస్తాడు. అసలు తిప్పలు పెట్టె తెరిచాక మొదలవుతాయి. లోపల పన్నెండు వేల బంగారు నాణేలు ఉంటాయి. అందరూ గంతులేసి కూర్చున్నాక, ఆట నడిపించే మాస్టరు బొరుగులు నములుతూ అడుగుతాడు: "సరే సామీ, ఇవన్నీ ఎట్ల మోస్తారు?"

ఈ ప్రశ్నకు నిజం చెప్పినవాడు బాగుపడడు. కాలిక్యులేటరు తీస్తాడు, సగం బంగారం గుహలోనే వదిలేస్తాడు, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం మానేస్తాడు. మీకు ఆ గతి పట్టకుండా ఉండాలనే ఈ చిట్కాలు.

అభ్యాసానికి మన సీమ కథే పెట్టుకుందాం. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో విజయనగరాన్ని ఏలుతున్న అళియ రామరాయలు పోయాడు. తమ్ముడు తిరుమలరాయలు హంపీకి పరుగెత్తుకొచ్చి, పేరుకు రాజైన సదాశివరాయల్నీ, ఖజానానీ వెంటబెట్టుకుని పెనుకొండ కోటకు దారి పట్టాడు. బంగారం, వజ్రాలు, రత్నాలు 550 ఏనుగుల మీద తరలిపోయాయని రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చేసిన విజయనగర చరిత్రలో రాశాడు. పెనుకొండ 2022లో శ్రీ సత్యసాయి జిల్లాకు వెళ్ళిపోయింది గానీ, మన ఆటలో అది ఇంకా అనంతపురం జిల్లాయే. బళ్ళారి, ఉరవకొండ, అనంతపురం, రాప్తాడు, చెన్నేకొత్తపల్లి మీదుగా 200 కిలోమీటర్లకు పైనే. రాయలవారికి అన్ని ఏనుగులు కావలసి వచ్చాయి. మీకు ఒక పెన్సిలు, ఒక రబ్బరు చాలు.

1. ఏ పుస్తకంలోని నాణెమో ముందే తేల్చుకోకండి.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఈ ఆటను తెచ్చినప్పుడు సామాను బరువంతా బంగారు నాణేలతోనే కొలిచారు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం పది నాణేలు ఒక పౌండు. అంటే ఒక్కో నాణెం 45 గ్రాములు, నాలుగు తులాలకు కాస్త తక్కువ. 1989లో రెండో కూర్పు వచ్చేసరికి యాభై నాణేలు ఒక పౌండు అయ్యాయి. 2014 నాటి ఐదో కూర్పులోనూ అదే లెక్క, నాణెం తొమ్మిది గ్రాములే. పదకొండేళ్ళలో బంగారం అయిదో వంతుకు చిక్కిపోయింది, విలువ మాత్రం పైసా తగ్గలేదు. ఇంతటి శుభవార్తను వాడుకోకపోతే మనదే తప్పు.

మీరు మోసేటప్పుడు కొత్త పుస్తకం తెరవండి: పన్నెండు వేల నాణేలు 109 కిలోలు. దొంగ మీ సంచి ఎత్తుకుపోతుంటే వెంటనే పాత పుస్తకం తెరవండి: అవే నాణేలు 544 కిలోలు. "అంత బరువు వాడెట్ల ఎత్తుతాడన్నా?" అని గట్టిగా అడగండి. రెండు పుస్తకాలూ ఒళ్ళోనే పెట్టుకుని, ఏది కావాలంటే దాని మీద మోచెయ్యి ఆనించండి.

మూడో పుస్తకం ఇంకా మేలు. అది చరిత్ర. విజయనగర వరహా 3.4 గ్రాములే. అందులో సగం ప్రతాపం. పణం గ్రాములో మూడో వంతు ఉంటుంది, ఊదితే లేచిపోయే బంగారు రేకు. హంపీకి 1443లో వచ్చిన అబ్దుల్ రజాక్ ఈ మూడింటి గురించీ రాసిపెట్టాడు. కాబట్టి మోసేటప్పుడు మీ నాణేలన్నీ పణాలు: పన్నెండు వేలూ కలిపి నాలుగు కిలోల చిల్లర, బడిపిల్లల సంచి బరువు. ఖర్చు పెట్టేటప్పుడు వరహాలు. మాస్టరు ఒప్పుకోకపోతే "మన చరిత్ర మీద నీకు గౌరవం లేదా?" అనండి. ఇది ఎక్కడైనా పనిచేసే మాట.

2. తరుగు తీయండి.

శెనక్కాయల మండీకి ఒక్కసారి పోయినవాడికి ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. మట్టికి తరుగు, తేమకు తరుగు, సంచికి తరుగు, మచ్చు చూసినందుకు ఒక గుప్పెడు. రైతు తెచ్చిన బరువు ఒకటి, చీటీ మీద పడే బరువు ఇంకొకటి. ఇన్నాళ్ళూ అది మనవాళ్ళ మీద పడింది. ఇప్పుడు నాణేల మీద మనమే తీద్దాం.

ఇంట్లోంచి ఇరవై రూపాయల బిళ్ళలు యాభై తీసుకుని ఆటకు వెళ్ళండి. ఒక్కోటి 8.54 గ్రాములు. యాభై కలిపి 427 గ్రాములు. పౌండు 453 గ్రాములకు పైమాటే. కిరాణా కొట్టు తక్కెడ అందరి ముందూ పెట్టి తూచండి. "చూశారా, పుస్తకం మనల్ని మోసం చేస్తోంది, పౌండుకు ఇరవై ఆరు గ్రాములు ఎక్కువ రాసింది" అని అరవండి. ఆ ఇరవై ఆరు గ్రాములు మొదటి తరుగు. తర్వాత అరిగిన అంచుకు రెండో తరుగు, దుమ్ముకు మూడోది, చెమటకు నాలుగోది. పూటకో తరుగు తీస్తూ పోతే వేసవి సెలవులు ముగిసేలోగా మీ సంచి బరువు సున్నా దాటి కిందికి పోతుంది. అప్పుడు గుర్రాన్నే మీరు ఎదురు బాడుగ అడగవచ్చు.

ఇక్కడ చిన్న చిక్కుంది. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా అనంతపురంలో కూర్చుని శిస్తు లెక్కలు చూసిన కాలంలో పగోడాలూ పణాలూ రూపాయలూ తలా ఒక రకం తిరిగేవి. అరిగిన నాణెం కనిపిస్తే సరాఫు వట్టం కోసేవాడు. బరువు తగ్గితే విలువా తగ్గాలనేది సరాఫు వాదం. మీ మాస్టరు కామర్సు చదివినవాడైతే ఇదే ఎత్తుతాడు. పట్టించుకోకండి. ఉగ్గాని బజ్జీ తెప్పించి మాట మార్చండి. బజ్జీ డబ్బులు మాత్రం పక్కవాడు ఇవ్వాలి.

3. కాగితం మీద అంకె వేయకండి.

మీ పాత్ర సామాను రాసుకునే కాగితం మీద "కొంత బంగారం" అని రాయండి. ఇంకా మర్యాదగా రాయాలంటే "బంగారం (ఉంది)". అంకె ఉన్నచోటే కదా లెక్క, లెక్క ఉన్నచోటే కదా బరువు.

4. పక్కవాడి నాణెం చెల్లదని ప్రచారం చేయండి.

పది రూపాయల బిళ్ళ సంగతి మీకు తెలుసు. 7.7 గ్రాముల ఆ బిళ్ళ కొట్టువాడు తీసుకోడు, ఆటోవాడు తీసుకోడు, హోటల్లో కౌంటరు మీద పెడితే తేలును చూసినట్టు చూస్తారు. గీతలు పది ఉంటేనే చెల్లుతుందని ఒకరు, పదిహేనుంటేనే అని ఇంకొకరు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు పద్నాలుగు నమూనాలూ చెల్లుతాయని ప్రకటన ఇచ్చింది. ప్రకటన చదివినవాళ్ళు కూడా బిళ్ళ తీసుకోలేదు. పుకారుకున్న బలం ప్రభుత్వ ముద్రకు లేదని తేలిపోయింది. మనకు కావలసిందీ అదే.

ఖజానా పంచుకున్నాక, ఊరి పొలిమేరలో నిలబడి జాలిగా చెప్పండి: "తమ్ముడూ, ఆ వరాహం బొమ్మ ఉన్నవి ఈ ఊళ్ళో చెల్లవంట రా. మొన్న మా వాడు తిరిగి తెచ్చుకున్యాడు." తమ్ముడు విసుగెత్తి సంచి పారేస్తాడు. అతను మలుపు తిరగ్గానే మీరు ఎత్తుకోండి. తర్వాత రెండో తమ్ముడికీ, మూడో తమ్ముడికీ అదే మాట. సాయంత్రానికి నలుగురి బంగారమూ మీ దగ్గరే ఉంటుంది. నలుగురి బరువూ మీ దగ్గరే ఉంటుంది. మిగతా ముగ్గురూ తేలిగ్గా నడుచుకుంటూ కనుచూపు మేర దాటి పోతారు. అడవిలో తోడేళ్ళు వచ్చినప్పుడు ఈ సంగతి మీకు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏం ఫరవాలేదు, పంపకం లేదు కదా.

5. దొంగల భయముంటే అంతా రాగిలోకి మార్చుకోండి.

ఐదో కూర్పులో ఒక బంగారు నాణెం పది వెండి, వెండి ఒక్కోటి పది రాగి. మూడు లోహాలకూ బరువు ఒకటే. రాసినవాడికి లోహాల గురించి చెప్పేవాళ్ళు దొరకలేదేమో, మనకెందుకు. మీ దగ్గర 500 బంగారు నాణేలుంటే పది పౌండ్లు, దొంగ చంకలో పెట్టుకుని పోతాడు. అదే రాగి అయితే 50,000 బిళ్ళలు, వెయ్యి పౌండ్లు. గోనెసంచికి ముప్పై పౌండ్లే పడుతుంది కాబట్టి ముప్పై నాలుగు సంచులు. ఏ దొంగా ముట్టుకోడు. మీరూ ముట్టుకోలేరు, కానీ సొత్తు ఎక్కడిదక్కడే భద్రంగా ఉంటుంది. సత్రంలో గది అడిగినప్పుడు, "ముప్పై నాలుగు సంచులకు ఇంకో గది" అని అడగడం మరవకండి. గది అద్దె రాగిలోనే కట్టండి. సత్రం యజమాని బిళ్ళలు లెక్కపెట్టేలోగా తెల్లారిపోతుంది, మీరు వెళ్ళిపోవచ్చు.

6. మాయసంచిని నమ్ముకోండి.

బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ అని ఒక సంచి ఉంది. 2014 పుస్తకంలో, ఎంత నింపినా సంచి బరువు పదిహేను పౌండ్లే. లోపల ఐదు వందల పౌండ్లు పడుతుంది. పాత మద్రాసు కొలతలో మణుగు ఇరవై అయిదు పౌండ్లు, ఇరవై మణుగులు ఒక బారువ. అంటే ఆ సంచి సరిగ్గా ఒక బారువ పట్టేలా కుట్టారు. కుట్టినవాడు మన తాలూకావాడే అయ్యుంటాడని నా అనుమానం.

బారువలో 25,000 బంగారు నాణేలు వస్తాయి, 227 కిలోలు. బంగారం ఎంత చిక్కని సరుకంటే, నాణేల మధ్య సందులు వదిలినా అదంతా ఇంచుమించు ఒక ఇరవై లీటర్ల నీళ్ళ క్యానులో సర్దుకుంటుంది. ఎండాకాలం ప్రతి గుమ్మం ముందూ కనిపించే ఆ నీలం క్యానే. నీళ్ళయితే ఇరవై కిలోలు, కుర్రాడు భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కుతాడు. బంగారమయితే నలుగురు హమాలీలు పట్టినా పిడి ఊడి చేతికొస్తుంది. ఈ సంగతి మాస్టరుకు తెలియనివ్వకండి. "క్యానెంత, అందులో సరుకెంత?" అని మాత్రం అంటూ ఉండండి. జనం చోటునే చూస్తారు, బరువును చూడరు.

ఇక సంచి నిండితే ఏం చేయాలి? ఇంకో పిడికెడు కుక్కండి. పరిమితి దాటితే సంచి చిరిగి, సరుకంతా ఆస్ట్రల్ ప్లేన్ అనే పై లోకంలోకి చెదిరిపోతుందని పుస్తకంలో రాసుంది. రాస్తే రాయనివ్వండి. మన ఆర్టీసీ బస్సు మీద కూడా ఎంతమంది కూర్చోవాలో రాసుంటుంది. మరీ భయమైతే, ఆ మాయసంచిని ఇంకో మాయసంచిలో పెట్టండి. రెండూ ఒక్క దెబ్బకు నాశనమవుతాయి, మీరూ పై లోకానికి పోతారు. బరువు సమస్య శాశ్వతంగా తీరిపోతుంది. అక్కడ ఎవరూ ఏమీ మోయరు.

7. హమాలీని పెట్టుకోండి, కూలి ఎగ్గొట్టండి.

పనితనం అక్కర్లేని కూలికి రోజుకు రెండు వెండి నాణేలని పుస్తకం రేటు. వాడి నెత్తిన 21,000 బంగారు నాణేలు పెట్టడం కుదరదు, అంత బరువు మోసేది కంచర గాడిద. ఎనిమిది బంగారు నాణేలకు వస్తుంది, 420 పౌండ్లు మోస్తుంది. కాబట్టి ఒక గాడిదను కొని, దాన్ని తోలడానికి ఒక హమాలీని పెట్టుకోండి. తిండి గాడిదకే పెట్టండి. కూలి అడిగితే "పెనుకొండ చేరినాంక చూద్దాంలే సామీ" అనండి. మూడో రోజు పొద్దున గాడిదా ఉండదు, సామీ ఉండడు. అప్పుడు తీరిగ్గా కూర్చుని మిగిలిన నాలుగు వెండి నాణేలు లెక్కపెట్టుకోండి. నిన్నటి దాకా రెండు రోజుల కూలి. నాలుగు వెండి మిగుల్చుకున్నారు. లాభం లాభమే.

8. ఖజానాను వజ్రాలలోకి మార్చండి.

తొలకరి పడగానే వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో, పక్కనే జొన్నగిరి వైపు, జనం తలలు వంచి నడుస్తుంటారు. విత్తనం వేయడానికి కాదు, వజ్రం ఏరడానికి. ఆటలో ఐదు వేల బంగారు నాణేల వజ్రం ఒకటుంది. దాని బరువు పుస్తకంలో ఎక్కడా రాయలేదు. రాయని బరువు లేని బరువే. వంద పౌండ్ల బంగారం ఒక గోరంత రాయిలోకి పోతుంది. ఏనుగులక్కర్లేదు, గాడిదక్కర్లేదు.

చిక్కేమిటంటే, ఉరవకొండలో టీ తాగి వజ్రం ఇస్తే చిల్లర ఉండదు. కొట్టువాడు కండక్టరులాగా చీటీ వెనక "బాకీ 4,999" అని రాసి ఇస్తాడు. ఆ చీటీ పట్టుకుని వచ్చే ఏడాది వరకూ అక్కడే టీ తాగండి. చీటీకి కూడా బరువు లేదు.

9. నీళ్ళు వదిలేయండి.

ఇది అన్నిటికంటే పెద్ద చిట్కా, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

2014 పుస్తకం ప్రకారం మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్ళు. ఎండ దేశంలో రెండు, అంటే ఏడున్నర లీటర్లు. ఆ రెండు గ్యాలన్ల బరువు పదహారు పౌండ్లకు పైనే, సుమారు 830 బంగారు నాణేల బరువు. మామూలు బలమున్నవాడు మోయగలిగేది 150 పౌండ్లు, 7,500 నాణేలు. పెనుకొండ దాకా ఆరు రోజుల నడక అనుకుంటే నీళ్ళకే వంద పౌండ్లు పోతాయి. ఐదు వేల నాణేలు వదిలి నీళ్ళు మోయడం! అంత తెలివితక్కువ పని ఎవడైనా చేస్తాడా? నీళ్ళ తిత్తి ఉంటే వంచేసి అందులో కూడా నాణేలు పోయండి.

అడిగినవాళ్ళకు చెప్పడానికి సాకులు ఇవిగో. "దారిలో పెన్న ఉంది కదా." పెన్నలో ఇసుక ఉంది, బాగా మెరుస్తుంది. "చిత్రావతిలో చెలమ తవ్వుకుందాం." చెలమ తవ్వడానికి పార కావాలి, పారకు బరువుంది, కాబట్టి తేలేదు. "బుక్కరాయసముద్రం చెరువు బుక్కరాయల కాలం నాడు 1364లో కట్టినారంట, అనంతపురం పక్కనే." ఉంది, నిజమే, కానీ అక్కడి దాకా చేరితే కదా. "వాన రావచ్చు." ఈ మాట అనంతపురంలో ఎవరితోనైనా అనవచ్చు, ఎవరూ కాదనరు, ఏటా మేము కూడా అదే అంటాం.

ఏనుగుల మీద వెళ్తున్నాం కదా అంటారేమో, ఆ లెక్కా చూడండి. ఆటలో ఏనుగు బలం 22, ఒళ్ళు పెద్దది కాబట్టి దానికి నాలుగింతలు: 1,320 పౌండ్లు, ఆరు వందల కిలోల దగ్గర. 550 ఏనుగులూ నిండా ఎత్తితే 329 టన్నులు. వరహాల్లో చెప్పాలంటే తొమ్మిది కోట్ల అరవై లక్షలు దాటుతాయి. 1978 పుస్తకం నాణేలైతే 72 లక్షల 60 వేలే. ఏ పుస్తకం తెరవాలో ఇప్పుడు మీకే తెలుసు. కానీ ఏనుగు రోజుకు వంద లీటర్లకు తక్కువ తాగదు. 550 ఏనుగులకు 55,000 లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు, ప్రతి రోజూ. మే నెలలో మా వీధికి ఒక ట్యాంకరు రావడానికే ఎన్ని ఫోన్లు చేయాలో మీకు తెలుసు. ఏనుగులకు కూడా "వాన రావచ్చు" అని చెప్పండి. వాటికి చెవులు పెద్దవి, వింటాయి.

ఇక నీళ్ళు లేకుండా ప్రయాణం ఎంత హాయిగా సాగుతుందో లెక్కేసి చూపిస్తాను. చుక్క తాగకపోతే మొదటి రోజు ఒక మెట్టు నీరసం. ఆ తర్వాత రోజుకు రెండు మెట్లు. రోజుకు 24 మైళ్ళు, అంటే 38 కిలోమీటర్లకు పైన నడుస్తారు. మొదటి రోజు హుషారుగా వెళ్తారు. రెండో రోజు బళ్ళారి దాటేస్తారు, రాత్రికి మూడో మెట్టు. మూడో రోజు నడక వేగం సగానికి పడుతుంది, దానివల్ల చుట్టూ ప్రకృతిని చూసే వీలు దొరుకుతుంది. ఆ రాత్రి ఐదో మెట్టు, వేగం సున్నా. నాలుగో రోజు కదలరు. పూర్తి విశ్రాంతి. ఆరో మెట్టు మరణం. అంతా కూడితే తొంభై ఏడు కిలోమీటర్ల దగ్గర, విడపనకల్లు దాటాక, ఉరవకొండ కనిపించకముందు, నల్లరేగడి చేను గట్టున కూర్చుని ఉంటారు. 7,500 నాణేలూ మీ దగ్గరే ఉంటాయి. ఒక్కటి కూడా పోలేదు. సగం దారి రాకముందే పూర్తి ఖజానాతో ఆగిన వీరుడు చరిత్రలో ఇంకొకడు లేడు.

ఆఖరి క్షణంలో పాచిక వేసి బతుకుదామని మాస్టరు జాలిపడితే ఒప్పుకోకండి. నీళ్ళిస్తానంటాడు, బదులుగా నాణేలు కొన్ని వదలమంటాడు. ఇదంతా మొదట్నుంచీ వాడు పన్నిన పన్నాగం.

10. చివరికి పాతిపెట్టండి.

వేళ్ళు కదులుతుండగానే చేను గట్టు కింద గుంట తీసి (పార లేదు కాబట్టి చేతులతో) అంతా పాతేయండి. కాగితం మీద "కొంత బంగారం" కొట్టేసి "గుప్తనిధి" అని రాయండి. పాతిన బంగారానికి మోత లేదు. వచ్చే ఆదివారం కొత్త పాత్ర చేసుకుని, అదే దారిలో, ఏమీ తెలియనట్టు అదే గట్టు మీద కాలు జారి పడండి. "అరే, ఇదేందిది!" అని ఆశ్చర్యపోవడం ముందురోజు అద్దం ముందు సాధన చేయండి.

పాతనిధి కథలు నిజమని నమ్మి గుత్తి, పెనుకొండ కోటల్లో రాత్రిళ్ళు పలుగు పట్టుకుని తిరగాలనుకుంటే మాత్రం, ఆటకు బయట చట్టం ఒకటుంది. 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయల విలువ దాటిన నిధి ఎవరికి దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ కాగితంలో రాయాల్సినవి: నిధి ఎలాంటిది, మొత్తం ఎంత లేదా ఉజ్జాయింపు విలువ ఎంత, ఏ చోట దొరికింది, ఏ తేదీన దొరికింది. బరువు ఎంతో రాయమని చట్టంలో ఎక్కడా అడగలేదు.